16వ ఛానల్లో ఎవరు వింటున్నారు?

సముద్రం లేని జిల్లాలో సముద్రపు రేడియో కొనాలా వద్దా అని మామా అల్లుళ్ల మధ్య తగువు. మామ మానుకోట (మహబూబాబాద్) జిల్లాలో ఒక మత్స్య సహకార సంఘం సభ్యుడు. ఊహ తెలిసినప్పటి నుంచి తెప్ప మీద వల వేస్తున్నవాడు. అల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, గాలి కొట్టి వాడుకునే కయాక్ ఒకటి కొన్నాడు. సెలవు దొరికితే బయ్యారం పెద్దచెరువు, జనగామ వైపు దేవాదుల నీళ్లు నిండే జలాశయాలు, ఆపైన భూపాలపల్లి జిల్లాలో గోదావరి, ఇవన్నీ గాలం పట్టుకుని తిరగాలని అతడి ఉబలాటం. ఇలాంటి జంట ఈ మూడు జిల్లాల్లో ఏ కట్ట మీదైనా తారసపడుతుంది. పేర్లతో పనిలేదు.

అల్లుడు ఫోన్లో బొమ్మ చూపించాడు. అరచేతిలో పట్టే నల్లటి రేడియో, పైన పొట్టి యాంటెన్నా.

"గిదేందిరా, పోలీసోళ్ల వాకీటాకీనా?"

"మెరైన్ రేడియో మామా. ఆరు వాట్ల పవరు. నీళ్లల్ల పడితే తేలుతది. మీటరు లోతున అరగంట మునిగినా ఏం గాదు. అమెరికాల 100 డాలర్ల పైచిలుకు, అంతే. దోస్తు ఒకడు వస్తుండు, తెమ్మందామనుకుంటున్న."

"తెచ్చినంక ఎవలతోని మాట్లాడుతవ్?"

"ఆపదొస్తే 16వ ఛానల్ల పిలుస్త. ప్రపంచమంతా అదే ఆపద ఛానల్."

"ప్రపంచం సంగతి సరే. బయ్యారంల ఎవలు వింటరు?"

అల్లుడు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. రేడియో అమ్మే ప్రకటనల్లో వాట్లుంటాయి, ఛానళ్లుంటాయి, బ్యాటరీ గంటలుంటాయి. అవతల వినేవాడెవడో మాత్రం ఉండదు. 16వ ఛానల్ అంటే 156.8 మెగాహెర్ట్జ్. సముద్రం మీద ఓడలు, ఒడ్డున తీరరక్షక దళ కేంద్రాలు దాని మీద చెవి వేసి ఉంచుతాయి కాబట్టే దానికంత విలువ. మానుకోట నుంచి అతి దగ్గరి సముద్రం మచిలీపట్నం వైపు. గాలిలో గీత గీసినా దాదాపు 200 కిలోమీటర్లు.

"ఆరు వాట్లంటే తక్కువనా మామా?" అని అల్లుడు పట్టు వదల్లేదు.

ఈ వాట్ల మోజు అతడొక్కడిదే కాదు, కొత్తగా రేడియో కొనే ప్రతివాడిదీ. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే పోతాయి, భూమి వంపు దాటి పెద్దగా దిగవు. లెక్క సులభం. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో హెచ్చవేస్తే ఎన్ని కిలోమీటర్లు అందుతుందో వస్తుంది. కయాక్‌లో కూర్చున్న మనిషి భుజం దగ్గర యాంటెన్నా నీటికి మీటరు ఎత్తున ఉంటుందనుకుంటే 4 కిలోమీటర్లు. అవతల మరో కయాక్ ఉంటే రెండు వాటాలూ కలిపి 8. అవతల 25 మీటర్ల టవరుంటే దాని వాటా 20, మొత్తం 24. పెట్టె మీద ఏ అంకె అచ్చువేసినా ఈ లెక్కను దాటిపోవడం అరుదు.

అమెరికా తీరరక్షక దళం 'రెస్క్యూ 21' పేరుతో తీరమంతా టవర్లు కట్టినప్పుడు పెట్టుకున్న కొలత ఇక్కడ పనికొస్తుంది. నీటికి 2 మీటర్ల ఎత్తున, ఒకే ఒక్క వాటుతో పలికే రేడియోను 20 నాటికల్ మైళ్ల దూరం నుంచి, అంటే సుమారు 37 కిలోమీటర్ల నుంచి వినగలగాలన్నది ఆ కొలత. ఆరు కాదు, ఒక్క వాటు. అక్కడి కయాకర్ చేతిలో ఉన్న చిన్న రేడియోకు బలం ఆ టవర్ల నుంచి, వాటి వెనక రాత్రింబగళ్లు కూర్చున్న మనుషుల నుంచి వస్తుంది. బయ్యారం చెరువును 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది, శాసనం కూడా వేయించింది. అలాంటి రేడియో టవరు మాత్రం ఎవరూ వేయలేదు.

"గట్లయితే ఇది ఉత్త దండగేనా?"

"నేను దండగ అన్లే. సముద్రానికి పోతే కొనుక్కో అంటున్న."

మామ మాటలో న్యాయముంది. అల్లుడు రేపు విశాఖలో రుషికొండ దగ్గర కయాక్ దింపితే అక్కడ ఈ రేడియోకు అర్థం వేరు. అప్పుడు ఏది కొనాలన్నది నిజమైన ప్రశ్న అవుతుంది. అందుకు చూడాల్సింది వాట్ల కన్నా ముందు తేలే గుణం. నీళ్లు చొరకపోవడం వేరు, తేలడం వేరు. ఐపీఎక్స్7 ముద్ర ఉన్న రేడియో మీటరు లోతున అరగంట తట్టుకుంటుంది, కానీ తేలకపోతే ఆ అరగంటా అది అడుగున ఉంటుంది. స్టాండర్డ్ హొరైజాన్ హెచ్ఎక్స్210, ఐకామ్ ఎం25 వంటివి రెండూ చేస్తాయి. వాటికి రెట్టింపు దాకా పెడితే జీపీఎస్, ఎర్ర బటన్ ఉన్నవి వస్తాయి. ఆ బటన్ నొక్కిపడితే మనిషి మాట్లాడకుండానే పడవ నంబరు, ఉన్న చోటు 70వ ఛానల్ మీద పోతాయి. ఆ పడవ నంబరు భారత్‌లో 419తో మొదలవుతుంది, దాన్ని ప్రభుత్వం నుంచి తెచ్చుకోవాలి. బ్యాటరీ '11 గంటలు' అని రాసి ఉంటే అది 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, 90 శాతం ఊరికే ఉండటం అనే లెక్క మీద వేసిన అంకె. వాగుడుకాయల చేతిలో అందులో సగం కూడా రాకపోవచ్చు.

"ఇంకోటి," అన్నాడు మామ. "దాన్ని ఏడ కట్టుకుంటవ్?"

"కయాక్‌ల ముంగటనే పెట్టుకునే జాగ ఉంది."

"బోల్తపడ్డంక గాలికి పడవ అటు పోతది, నువ్వు ఇటు ఉంటవ్. నీ రేడియో ఎటు పోతది?"

అమెరికా తీరాల్లో కయాక్ మీద చేపలు పట్టేవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే పాఠమూ ఇదే. రేడియో ఒంటి మీది లైఫ్ జాకెట్‌కు కట్టి ఉండాలి. ఆ పాఠం ఎక్కడా చదవకుండానే మామకు తెలుసు. ఈదురుగాలికి ఖాళీ తెప్ప ఎంత వేగంగా పోతుందో చూసినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"దీనికి లైసెన్స్ గట్ల ఏమన్న కావాల్నా?" అని మామ అడిగేసరికి అల్లుడు కాస్త నీళ్లు నమిలాడు. కావాలి. అమెరికాలో తమ తీరంలో తిరిగే చిన్న వినోదపు పడవలకు అక్కర్లేదు గనుక అక్కడి వీడియోల్లో ఆ మాటే రాదు. మన దగ్గర 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచి అనుమతి లేని రేడియోను పలికించడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చినా ఆ పట్టు సడలలేదు. అనుమతులు కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం చూస్తుంది. ఆన్‌లైన్ అంగళ్లలో ఈ వివరాలేవీ చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతుండటంతో 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రత్యేకంగా మార్గదర్శకాలు తేవాల్సి వచ్చింది. చవకగా దొరికే బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి సెట్లు సముద్రపు ఛానళ్లలోనూ పలుకుతాయి. కానీ అవి తేలవు, నీటిని ఆపవు, ఆ పనికి ఆమోదమూ లేదు. ధర చూసి వాటికి ఆశపడితే డబ్బుకు డబ్బు, తలనొప్పికి తలనొప్పి.

"ఉపగ్రహంతోని పనిచేసేవి కూడ ఉన్నయి మామా, గార్మిన్ ఇన్‌రీచ్ అని..."

దాని కథ ఇంకా గడ్డు. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో కెనడా నుంచి వచ్చిన ఒక మహిళ సంచిలో అది కనిపించి పోలీసుల దాకా పోయింది. ఉపగ్రహ ఫోన్ల మీద మన దేశంలో ఉన్న నిబంధనలు కొండలెక్కేవాళ్లను, పడవ నడిపేవాళ్లను కూడా మినహాయించవు.

ఇంతవరకు మామదే పైచేయి. ఇక్కడి నుంచి అల్లుడు తిరగబడ్డాడు.

"సరే, నా రేడియో దండగ. మరి నీ దగ్గర ఏముంది? తెప్ప మీద పోతవ్, ఒంటి మీద జాకెట్ లేదు. ఇంట్ల అత్తకు కూడ ఏ దిక్కు పోతున్నవో చెప్పవు."

"నాకు ఈత రాదా?"

"కాళ్లకు వల సుట్టుకుంటే ఈత ఏం జేస్తది?"

"సంఘంల బీమా ఉన్నది. ఏమన్నయితే 5 లక్షలు."

"అవి నువ్వు పోయినంక అత్తకొచ్చేటియి."

మామ నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద మరణానికి ఉన్న బీమా ఆ 5 లక్షలే, మామ చెప్పిన అంకె సరైనదే. 2016 నుంచి రాష్ట్రంలో చెరువుల్లోకి ఉచితంగా చేపపిల్లలు వదులుతున్నారు, దాంతో చేపా పెరిగింది, నీళ్ల మీద గడిపే వేళా పెరిగింది. తెప్ప మాత్రం అదే. థర్మకోల్ పలకలు కట్టుకున్నదో, లారీ ట్యూబో.

జాకెట్ ఎందుకు వేసుకోరంటే మామ కారణాలు చెప్పాడు. అవి కొట్టిపారేయదగ్గవి కావు. వల లాగేటప్పుడు జాకెట్ బకిళ్లకు తగులుకుంటుంది. ఎండకు ఉడికిపోతుంది. తడిసిన జాకెట్ రాత్రికి ఆరదు. అల్లుడి దగ్గర దీనికి సమాధానం ఉంది. కయాక్‌ల కోసం చేసే జాకెట్లలో చంకల దగ్గర వెడల్పుగా కోసి ఉంటుంది, తెడ్డు వేసినా వల లాగినా చేయి ఆడుతుంది. వాటి మీద '50' అని రాసి ఉంటే 50 న్యూటన్లు, అంటే సుమారు 5 కిలోల తేలే బలం. ఈత వచ్చి, ఒడ్డు దగ్గరున్నవాడికి చాలు. స్పృహ తప్పినా మొహం పైకి తిప్పి ఉంచాలంటే 100 ముద్ర ఉన్నది కావాలి. బోటింగ్ కేంద్రాల్లో అద్దెకిచ్చే వెలిసిపోయిన నారింజ రంగు జాకెట్లలో చాలావాటికి ఏ ముద్రా కనిపించదు.

"కచ్చులూరు మర్చిపోయినవా మామా?"

మామ మర్చిపోలేదు, ఆ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగినప్పుడు అందులో వరంగల్ పక్కనే ఉన్న కడిపికొండ నుంచి వెళ్లిన బృందం కూడా ఉంది. ఆ కొండల మధ్య ఫోన్ సిగ్నల్ అందదు. ముందుగా చేరుకుని మనుషులను బయటకు లాగింది దగ్గరి గిరిజన గూడేలవాళ్లు, తమ నాటు పడవల మీద. బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉన్నవాళ్లు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పర్యాటక పడవల కోసం 9 చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది.

అల్లుడు దీన్ని రేడియో వైపు తిప్పుకున్నాడు. సిగ్నల్ లేని చోట ఫోన్ ఉండి ఏం లాభం? మామ దాన్నే గూడెం వైపు తిప్పుకున్నాడు. పిలుపు ఎవరూ పంపకముందే చూసి పరుగెత్తుకొచ్చినవాళ్లున్నారు కదా, వాళ్లే అసలు. ఒకే సంఘటన ఇద్దరికీ సాక్ష్యంగా నిలబడటం చిత్రమేమీ కాదు. అయితే దానికి ఎదురుగా మరొకటి నిలబెట్టాలి. 2024 సెప్టెంబరు 1న మానుకోట జిల్లాలోనే ఆకేరు వాగు పొంగి రోడ్డు మీద పోతున్న కారును ముంచెత్తింది. అందులో ఉన్న తండ్రీకూతుళ్లు ఇంటికి ఫోన్ చేసి నీళ్లు మెడదాకా వచ్చాయని చెప్పగలిగారు. సిగ్నల్ ఉంది, పిలుపు చేరింది, మాట వినిపించింది. ఆ వరదలో వాళ్ల దగ్గరికి చేరగలిగినవాళ్లు లేకపోయారు, ఇద్దరూ మరణించారు. ఏ రేడియో కొనాలో చెప్పే వ్యాసాలు ఈ రెండో సగాన్ని సాధారణంగా వదిలేస్తాయి. వినేవాడు దొరికినా, వాడు పడవ వేసుకుని రాగలిగినంత దగ్గర ఉండాలి. చెరువు మధ్యలో పడ్డవాడి విషయంలో ఆ దూరం కట్ట నుంచి తెప్పతో పది నిమిషాలు.

"మరి నీ ఫోన్ ఏది?" అని అడిగాడు అల్లుడు.

మామ రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో బటన్ల ఫోన్. అల్లుడు నవ్వబోయి ఆగాడు, కారణం అతడికే తెలుసు. అతడి ఫోన్ తెర మీద నాలుగు చుక్కలు పడితే వేలు పెట్టిన చోట ఒకటి, తెరుచుకునేది ఇంకొకటి. తడి చేతులతో 112 నొక్కడానికి డబ్బా ఫోనే నయం. చార్జింగ్ నాలుగు రోజులు ఆగుతుంది. సంఘం అధ్యక్షుడి నంబరు 2 మీద పెట్టుకుంటే నొక్కిపడితే చాలు. బయ్యారం, జనగామ దగ్గరి చీటకోడూరు, స్టేషన్ ఘన్‌పూర్ జలాశయాల చుట్టూ ఊళ్లున్నాయి, ఫోన్ టవర్లున్నాయి.

"కవరు జిప్పు మంచిది కొనుక్కో మామా. గిది కూరగాయలది."

భూపాలపల్లి వైపు గోదావరి మాట వేరు. మహదేవ్‌పూర్ మండలంలో మేడిగడ్డ బ్యారేజీ 1.6 కిలోమీటర్ల పొడవు, 85 గేట్లు. 2023 అక్టోబరులో 7వ బ్లాకు కుంగిన తరువాత నీళ్లు నిలపకుండా గేట్లు ఎత్తి ఉంచుతున్నారు, కాబట్టి అల్లుడు పాత ఫొటోల్లో చూసిన నిండు సరస్సు అక్కడ లేదు. ఉన్నది పాయలుగా పారే నది, ఇసుక తవ్విన గుంతలు. 2025 జూన్‌లో అక్కడే అంబటిపల్లి దగ్గర నీళ్లలోకి దిగిన యువకులు ఆరుగురు మునిగి చనిపోయారు. ఎండాకాలం, వరద లేదు, పైకి ప్రశాంతమైన నీళ్లు. చుట్టూ మనుషులున్నా కాపాడలేకపోయారు.

"ఆడికి ఒక్కనివి పోకు," అన్నాడు మామ. "పోతే గా ఊరి పడవోన్ని తోలుకపో. పైసలియ్యి."

మెరైన్ రేడియోకు పెట్టే డబ్బుతో అలాంటి పడవవాణ్ణి చాలాసార్లు వెంట తీసుకుపోవచ్చు. నదిలో ఏ గుంత ఏడాదికి ఎటు జరిగిందో చెప్పే యంత్రం ఇంకా రాలేదు.

అయినా అల్లుడి వాదంలో ఒక ముక్క మిగిలే ఉంది. రేడియోకు ఫోన్ చేయలేని పని ఒకటుంది. బటన్ నొక్కి ఒక్క మాట అంటే ఆ ఛానల్లో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి వినిపిస్తుంది. నంబరు వెతకనక్కర్లేదు, అవతలివాడు ఎత్తేదాకా ఆగనక్కర్లేదు. టవర్లు కూలినప్పుడు దాని విలువ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనప్పుడు లైసెన్స్ తీసుకుని సరదాకు రేడియో నడిపే హామ్‌వాళ్లు పనిచేశారు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో వేరే పని మీద ఉండగా సునామీ వచ్చింది, వాళ్ల సెట్లే అండమాన్‌కు గొంతయ్యాయి. 2023 జులైలో భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని వాగు ముంచినప్పుడు జనం ఇళ్ల కప్పుల మీద నిలబడితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అలాంటి ఊళ్లో ఇద్దరు ముగ్గురు హామ్ పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవడం చేపల వేట కన్నా పెద్ద అక్కరకొస్తుంది. అది వేరే చర్చ.

చెరువుకు కావలసింది అంతకన్నా చిన్నది. 2018లో కేంద్రం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి సెట్లకు లైసెన్స్ అక్కర్లేదని ప్రకటించింది. అర వాటు, తీయడానికి వీల్లేని యాంటెన్నా. పరికరానికి తయారీదారు తెచ్చుకున్న ఆమోదం ఉంటే చాలు. జత కొన్ని వేల రూపాయలు. నీటిని తట్టుకునే రకం ఏరుకోవాలి, తేలకపోతే బెండు కట్టుకోవాలి. ఊళ్లో ఇళ్ల మధ్య ఇది కిలోమీటరో రెండో. నీటి మీద అడ్డం ఏమీ లేకుండా, అవతలివాడు ఎత్తైన కట్ట మీద ఉంటే బయ్యారం లాంటి చెరువు దాటడానికి సరిపోతుంది.

"అర వాటేనా?" అని ఈసారి మామే అడిగాడు.

"నువ్వే కదా మామా అడిగినవ్, ఎవలు వింటరని. కట్ట మీద రెండో సెట్ పట్టుకొని ఒకలుండాలె. అప్పుడు అర వాటు చాలు."

మామ కాసేపు ఆలోచించాడు. చేపలు పెరిగిన కాలంలో దొంగలు పడకుండా సంఘంవాళ్లు వంతులవారీగా కావలి ఉంటారు. కావలివాడి చేతిలో ఒక సెట్ పెడితే అతడికి పని పెద్దగా పెరగదు. తెప్ప తిప్పినా తిప్పకున్నా ఛానల్ తెరిచి ఉంచాలి, అరగంటకోసారి పలకరించాలి, జవాబు రాకపోతే ఒడ్డున కట్టి ఉన్న తెప్ప తీసుకుని పోవాలి. దీనికి జీపీఎస్ వద్దు, 70వ ఛానల్ వద్దు.

"అయితే కావలి ఉండేది చలికాలం నుంచి చేపలు పట్టేదాక," అన్నాడు మామ. "మత్తడి దుంకేటప్పుడు కట్ట మీద ఎవలుంటరు?"

"అప్పుడే కదా అక్కర పడేది."

"అందుకే అడుగుతున్న."

వానాకాలంలో ఎవరి నాట్లు వారివి. రోజంతా కట్ట మీద కూర్చునే మనిషికి కూలి ఎవరివ్వాలన్నది సంఘం సమావేశంలో తేలాల్సిన మాట. మామ ఆ మాట ఎత్తుతానన్నాడు, జత సెట్లు సంఘం కొంటే సరే, లేకపోతే అల్లుడు కొనాలన్నాడు. అల్లుడు ఒప్పుకుని ఒక షరతు పెట్టాడు. సెట్ పట్టుకుని తెప్ప ఎక్కేవాడెవడైనా జాకెట్ వేసుకోవాల్సిందే, మామతో సహా.

"బకిళ్లు లేనిది దొరుకుతదా?"

"జిప్పుది దొరుకుతది."

"పదకొండు మందిమి. ఎంతయితదో లెక్క కట్టుకొనిరా, పోయిన్సారి వలలకు పెట్టినదాంతోని పోల్చి అడుగుతరు మనోళ్లు."